రిషిత సిగలో సవరం

అక్కయ్యకు, ప్లేనోలో అందరం క్షేమం. ఫోన్‌లో చెబుదామంటే నీ మనవరాలు పక్కనే ఉంటోంది, అందుకే ఈ కార్డు.

శనివారం రిషితను థీమ్ పార్కుకి తీసుకెళ్ళాం. రైడ్ ఎక్కాలంటే అక్కడ ఎత్తు కొలిచే గీతకు తల అందాలి. దీనికి నాలుగు వేళ్ళు తక్కువ. నా బుద్ధి నీకు తెలుసుగా! పొద్దున్నే నా సవరం చుట్టి నడినెత్తిన సిగ వేసి, "రాత్రికి రాత్రే పెరిగిపోయావే!" అన్నాను. పిచ్చిది నమ్మేసింది. కార్‌లో దారంతా మెడ నిటారుగా పెట్టుకునే కూర్చుంది. తీరా గీత దగ్గర రైడ్ అమ్మాయి సిగ మీద చెయ్యి పెట్టి నొక్కింది. సవరం జారి చెవి మీద వేలాడింది. లైన్‌లో అందరూ నవ్వారు, అందరికంటే ముందు నేను. రిషిత ఏడవలేదు. "చిన్నమ్మమ్మా, అయితే నేను గ్రో అవ్వలేదా?" అంది. సవరం తీసి నా సంచిలో కుక్కేశాను.

అప్పట్నుంచి నా చేత తల దువ్వించుకోవడం లేదు.

మాగాయ ఎండిందా? నీ కూతురు మనీషాకి కాస్త పంపు. బావగారికి నమస్కారాలు. నిరుడు రిషిత అక్కడ వదిలేసిన గౌను వీడియో కాల్‌లో చూపించి, ఎంత పెరిగిందో నువ్వే చెప్పు. నేను చెబితే ఇక నమ్మదు.

నీ చెల్లెలు
కృష్ణవేణి