ఒత్తులు మేసిన మేకలు

బర్చ్ ఫోర్క్, మిస్సోరీ
ఏప్రిల్ 4

అత్తయ్యగారికి, మార్లిస్ నమస్కరించి రాయునది.

ఫోనులో మాట్లాడుకుంటే ఇద్దరం అరుచుకుంటున్నామని మీ అబ్బాయి వెండెల్ ఉత్తరాలు రాసుకోమన్నాడు. తను లారీ ఎక్కి హాయిగా వెళ్ళిపోయాడు. ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. దొడ్డంతా బురద. మేకలు గడప దిగనంటున్నాయి.

ట్రూడీని బడి మాన్పించి తప్పు చేశానని మీరంటున్నారు. తొమ్మిదేళ్ళ పిల్ల, చక్కగా మాట్లాడుతుంది, కాగితం చూస్తే చాలు అక్షరాలన్నీ తిరగబడతాయి. అది బద్ధకం కాదండీ, దాని కంటికీ బుర్రకీ మధ్య దారి వేరు. అందుకే వంటింటి బల్ల దగ్గర నేనే చెబుతున్నాను. ఈ వారం "బీ" అక్షరం మొత్తం తినేసింది. "డీ" ఇంకా మింగుడు పడలేదు.

మీ కోడలు,
మార్లిస్

తా.క. ఒక "డీ"ని మేక ఎత్తుకుపోయింది. అది మాత్రం ఇట్టే నేర్చేసుకుంది.


లిండెన్ గ్రోవ్, అయోవా
ఏప్రిల్ 11

అమ్మాయ్ మార్లిస్,

నీ ఉత్తరం ఎర్ర ఇంకుతో దిద్ది దీంతోపాటు పంపుతున్నాను. పిల్ల అక్షరాలు తింటోందా? మా వీధి చివర మందులషాపాయన్ని అడిగాను. కాగితం తిన్న పిల్లకి ముందు పేగులు చూపించాలన్నాడు. ముప్పై ఏళ్ళు నాలుగో తరగతికి చెప్పాను, నా దగ్గర సుద్దముక్క కొరికిన వాళ్ళున్నారు గానీ పుస్తకం భోంచేసిన వాళ్ళు లేరు. ఇంట్లో వంట చేస్తున్నావా, లేదా?

ఆశీస్సులతో,
ఆర్డిత్

తా.క. పిల్లకి పెప్పర్‌మింట్ బిళ్ళలు పంపాను. ఆకలికి ఆసరాగా ఉంటాయి.


బర్చ్ ఫోర్క్
ఏప్రిల్ 19

అత్తయ్యగారికి నమస్కారాలు.

వాన తగ్గింది. మళ్ళీ మొదలైంది.

కాగితం కాదండీ, బిస్కెట్ల పిండి. ఆ పిండితో అక్షరాలు చేసి, వేళ్ళతో తడిమి, కాల్చి తింటుంది. చేతికి తెలిసింది కంటికి ఆలస్యంగానైనా తెలుస్తుంది. "బీకి బొజ్జ ముందుకి, డీకి పిర్ర వెనక్కి" అని పాడుకుంటూ తిరుగుతోంది. పళ్ళెంలో మొక్కజొన్న పిండి పోసి వేలితో రాయిస్తున్నాను. ఇప్పుడు మేకల మీద కూడా రాస్తోంది, సుద్దతో. నల్లమేక మీద బాగా కనిపిస్తుంది.

మీ కోడలు,
మార్లిస్

తా.క. గీతలు వంకరగా ఉంటే మన్నించండి. "పిర్ర" అన్న మాట నల్లమేక పిర్ర మీద రాయబోతే అది నా చేతి మీద తన్నింది. కట్టు కట్టారు.


లిండెన్ గ్రోవ్
ఏప్రిల్ 27

మార్లిస్,

నా మనవరాలు మేకల పిర్రల మీద బూతులు రాస్తోందన్నమాట. చాలు. ఈ నెలాఖరుకి వస్తున్నాను అనుకున్నాను గానీ, మా చర్చి వాళ్ళ విందు ఉంది. మే పదహారున వస్తాను. ఇక్కడి బడి హెడ్‌మాస్టరుతో మాట్లాడాను, సీటు ఉంది. వెండెల్‌తోనూ మాట్లాడాను. నేను వచ్చేలోగా ట్రూడీ తనంతట తానుగా ఒక ఉత్తరం రాస్తే సరే, మీ దగ్గరే ఉంచుకోండి. రాయలేకపోతే నాతో తీసుకుపోతాను. వాడు ఒప్పుకున్నాడు.

ఆర్డిత్

తా.క. నువ్వు రాసిచ్చి దాని పేరు పెట్టకు. తల్లి చేసిన హోంవర్కు నాకు కవరు చింపకుండానే వాసన తెలుస్తుంది.


బరచ్ ఫోరక్
మే 5

అతయగారికి,

మార్లిస్ రాసేది. మీ ఉతరం చదివాను. మళీ మళీ చదివాను, అందుకే ఆలశం. టూడీని తీసుకుపోతాను అనారు. అది సంచీ కాదు. దాని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. రాను అంది.

బడిలో దాని కిటికీ పకన కూచోబెటి, అందరూ చదువుతుంటే నువు కాకులు లెకపెటు అనారు. అది కాకులు బాగా లెకపెటింది. చదువు రాలేదు. ఇకడ వసోంది. నెమదిగా వసోంది. మేకని కూడా తొందర పెటకూడదు, పెడితే తంతుంది. అమ చేయి చూడండి.

మీరు వసే తలుపు గడి పెడతాను.

మీ కోడలు
మార్లిస్

తా.క. పెపరమింటు బిళలు బాగునాయి. ఇంకా పంపండి.


లిండెన్ గ్రోవ్
మే 10

మార్లిస్,

ఇదేం రాత? చెయ్యి దెబ్బ తిన్నదని తెలుసు, బుర్ర కూడా తిన్నదా? నీ పేరులో తప్ప ఒక్క ఒత్తూ దాని చోట లేదు. ఒత్తులన్నీ మీ మేకలు మేశాయా? మా ఇంటా వంటా లేని జబ్బు పిల్లకి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకున్నాను, ఇప్పుడు తెలిసింది. గడియ పెడతావా? పెట్టు. గడియలు పెట్టుకున్న మొండిఘటాలని ముప్పై ఏళ్ళు చూశాను.

పిల్ల సంచీ కాదంటావు. కాదు, ఒప్పుకుంటాను. అడగాల్సింది. మేకని తొందర పెట్టకూడదన్నావు, అదీ నిజమే, కానీ మేకకి పరీక్షలుండవు. దానికేం చెబుతావు? కాకుల సంగతి నాకెవరూ చెప్పలేదు. అది చదివాక కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

రెండు పేజీల వాన కబుర్లు లేకుండా సూటిగా రాయడం నీకిదే మొదటిసారి. ఇరవైకి పదకొండు వేశాను. శనివారం వస్తున్నాను.

ఆర్డిత్

తా.క. ఆ బిళ్ళలు పిల్లకి పంపాను. తినడానికి నీకు సిగ్గు లేదూ.


బర్చ్ ఫోర్క్
మే 13

అత్తయ్యగారికి,

ఆ ఉత్తరం నేను రాయలేదు.

మీ ఎర్ర ఇంకుతో తిరిగొచ్చేదాకా అలాంటిదొకటి వెళ్ళిందనే నాకు తెలీదు. కాగితం పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. ట్రూడీ పాలు పితుకుతోంది. తలెత్తకుండా "నేనే రాశాను. నువ్వైతే వాన గురించి రాస్తావు" అంది. చిరునామా మీ కవరు చూసి రాసుకుందట. మీ గొలుసుకట్టు రాత మూడు రోజులు కూడబలుక్కుని చదివిందట. నేను అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను అత్తయ్యగారూ. సంతోషంతోనే, కొంచెం కోపంతో కూడా.

వెండెల్ ఫోను చేస్తే చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకున్నాడు. తర్వాత "అమ్మ ఇక ఏమీ అనకూడదు" అన్నాడు. ఒత్తుల్లేవు కాబట్టి చెల్లదని మీరంటారేమో. అనండి. ఆ బడిలో దాన్ని ఎవరూ ఒక మాట అడగలేదు, అది చెప్పింది ఎవరూ వినలేదు. మీరు మాత్రం తొమ్మిదేళ్ళ పిల్లతో మాటకి మాట పెద్దదానితో పోట్లాడినట్టు పోట్లాడారు. మీ జవాబు అది తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. మేకకి పరీక్షలెందుకు ఉండవో చెబుతుందట, సిద్ధంగా రండి.

గది ఊడ్చి ఉంచాను. గడియ పెట్టను. పిల్ల మాత్రం ఇల్లు కదలదు.

మీ కోడలు, అసలుది,
మార్లిస్

తా.క. కింద రెండు ముక్కలు అది రాస్తానంటే చోటు వదిలాను. నేను దిద్దలేదు.

నానమా, నువు రా. నేను రాను.
టూడీ