పడవ గౌరికి, కళ్లద్దాలు అన్నయ్యకు

కొరాపుట్ జిల్లా రాయగడ కిరాణా వర్తకులు కీర్తిశేషులు లక్ష్మణుడు గారి కుమార్తె సత్యభామ అను నేను, వయసు యాభై ఎనిమిది, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా. మా అన్నయ్య కూర్మారావు లెక్కన నా వయసు పదహారే. మైనరు రాత చెల్లదని ఆయన కోర్టుకెక్కగలడు కనుక ఆ సంగతి ముందే చెబుతాను.

1968లో తెరచాప పడవ మీద ఒంటరిగా పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి తిరిగొస్తుంటే తుపానుకు తెరచాప కొయ్య విరిగింది. నెల దాటాక కళింగపట్నం ఒడ్డున పడ్డాను. అన్నయ్యకు ఓపిక తక్కువ. అప్పటికే నేను పోయాననుకుని నా బదులు దర్భబొమ్మను దహనం చేసి కర్మ మొదలెట్టాడు. నేను బస్సు దిగి వచ్చేసరికి పన్నెండో రోజు భోజనాలు. "సచ్చినోలు గుమ్మం తొక్కకూడదమ్మీ, అక్కడే ఉండు" అన్నాడు. మళ్లీ పుట్టినట్టు చేస్తేనే లోపలికని పురోహితుడు తేల్చాడు. ఒంటికి నెయ్యి పూసి, స్నానం చేయించి, నలభై రెండేళ్ల దానికి బారసాల చేశారు. సముద్రం మీద ఏడవలేదు గానీ ఆ గుమ్మంలో ఏడ్చాను.

1. 1965లో ఒంటరిగా విమానం నడిపి జయపురంలో దిగినప్పుడు పెట్టుకున్న కళ్లద్దాలు అన్నయ్యకు. ఎండుమిరప బస్తాలు విప్పేటప్పుడు ఎలాగూ అవే పెట్టుకుంటాడు. ఇక దాచక్కర్లేదు.

2. సన్మానానికి పిలిచి, ప్యాంటుతో వేదిక ఎక్కొద్దన్న వర్తక సంఘానికి ఆ ప్యాంటు. ఉతికే ఉంది.

3. భీమునిపట్నంలో పడవలు బాగుచేసే అసిరయ్య దగ్గరున్న నా పడవను విప్పి కొట్టుకు బల్లలు చేయించాలని అన్నయ్య ఆలోచన. అది ఆయన కూతురు గౌరికి. "అత్తా, నన్నెప్పుడు తీసుకెల్తావు?" అని ఎనిమిదేళ్లప్పుడే అడిగింది. ఇప్పుడు పందొమ్మిది. ఫిబ్రవరిలో ఒంటరిగా అండమాను వెళ్తానంటోంది. తండ్రి వద్దంటున్నాడు.

4. నాన్న నా పేర రాసిన ఇంట్లో అన్నయ్య బతికున్నంతకాలం ఉండవచ్చు. గౌరిని ఆపిన రోజున ఇల్లు గౌరిది. నాకు ఈ నెల గడవదని డాక్టరు మాట. ఏటి మైల పేరు చెప్పి ఆపడానికీ వీల్లేదు. నా కర్మ పదహారేళ్ల కిందటే అన్నయ్య చేతుల మీదుగా ముగిసింది, రెండోది నాకొద్దు. చితికి గౌరి నిప్పు పెడుతుంది.

5. వీటిని అమలు జరిపే భారం ఇంజను ఫిట్టరు భీమారావుది. ఆయన బిగించిన బోల్టు ఇంతవరకూ ఊడలేదు.

6. నా దిక్సూచి గౌరికి. గౌరీ, నాకు భయం తెలియదని పేపర్లలో రాశారు. ఒడ్డు కనబడకుండా పోయిన ప్రతిసారీ నా చేతులు వణికాయి. నీ చేతులూ వణుకుతాయి. అప్పుడు వెనక్కి తిరగకు.

రాయగడ, 9 డిసెంబరు 1984.
(వ్రాలు) సత్యభామ
సాక్షులు: దాలయ్య, పోస్ట్‌మాన్, పద్మకుమారి, నర్సు.