పది రూపాయల బిళ్ల

ఏమయ్యా, ఈరోజు ఒకటో తరగతి పిల్లలకు నాణేలు నేర్పాల్సి వచ్చింది. ఇప్పుడు అందరూ ఫోన్‌తోనే కడుతున్నారు, చిల్లర ఎక్కడ దొరుకుతుంది? నువ్వు చనిపోయిన ఏడాదికి నీ ఆటో చిల్లర డబ్బా తీశాను. పటాన్‌చెరులో మిగతా ఆటోలవాళ్లు వద్దన్న పది రూపాయల బిళ్లలన్నీ నువ్వే తీసుకునేవాడివి కదా, చిల్లరతో పాటు అవన్నీ అలాగే ఉన్నాయి.

రూపాయికీ రెండు రూపాయలకీ తేడా చెప్పేసరికే నా ఓపిక అయిపోయింది. పది బిళ్ల చూపించగానే ముందు వరుసలోని పిల్ల లేచింది.

"అది చెల్లదు టీచర్. మా అమ్మ ఇస్తే దుకాణంల తీస్కుంటలేరు."

"చెల్లుతది, కూసో."

బడి విడిచాక ఆ పిల్ల సంచిలోంచి అలాంటి బిళ్లే తీసింది. "మరి మీరు తీస్కుంటరా?"

తీసుకున్నాను. ఒక ఐదు, రెండు రెండ్లు, ఒక రూపాయి దాని చేతిలో పెట్టాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "పది అయినయ్" అని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆ బిళ్ల నీ డబ్బాలో వేశాను. "మళ్ల తెచ్చినవా? ఇవి ఎవడు తీస్కుంటడు?" అని రోజూ నిన్ను అడిగేదాన్ని. ఈరోజు నన్ను అడిగేవాళ్లు లేరు.