రిజిస్టర్లో రాసిన జ్వరం

1954 ఆగస్టు, మంగళవారం. చోడవరం.

నా తోటి పైలట్ రాజు విమానం కూలి చనిపోయి నెల కాలేదు. ఈ రోజు వాళ్ళమ్మ మాడుగుల నుంచి బస్సులో వచ్చింది. రాగానే నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"జొరం తగ్గిందా బాబూ? నీకు జొరమని, నీ బదులు తనెల్తన్నానని ఆ పొద్దున్నే కార్డు రాసేడు."

నాకు ఏ జ్వరమూ రాలేదు. ఆ విమానం ఇంజను బాగాలేదు, నడపనన్నాను. "ఆ మాట రిజిస్టర్లో రాస్తే నీ ఉద్యోగం ఉండదు. జ్వరమని రాసి ఇంటికి పో," అన్నాడు మేనేజరు. పిరికివెధవని, అలాగే రాశాను. ఆఫీసు మెట్ల దగ్గర రాజు ఎదురై అడిగితే వాడికీ జ్వరమనే చెప్పాను.

"తగ్గింది పిన్నీ," అన్నాను.

"పోన్లే, నువ్వయినా సల్లగుండు నాయినా," అంది.