బోసిమెడ

డాక్టర్ రవిచంద్ర గారికి,

ఈ ఉత్తరం రాయడం దండగనుకుని ఊరుకోబోయాను. ఈ హిందీ ఊళ్లో మీరూ తెలుగువారే కనక, మీ ఇంట్లో ఎవరైనా చదివి సిగ్గుపడతారని రాస్తున్నాను.

మీ ఐసీయూలో ఉన్న లక్ష్మీనరసమ్మ నా భార్య. ఆవిడ మత్తులో ఉండగా పుస్తెలు, మెట్టెలు, గాజులు తీసి సంచిలో నా చేతికిచ్చారు. తీయండి, కాదనను. కానీ పుస్తెలు తీసినచోట పసుపుకొమ్ము కట్టాలని మీ అమ్మగారు చెప్పలేదా? నేను పనిచేసిన రైల్వే లోకో షెడ్‌లో ఇంజన్ దీపం విప్పినా ఆ చోట ఎర్రగుడ్డ కట్టేవాళ్లం. ఆ గుడ్డ మరిచిన ఫిట్టర్ కథొకటుంది, మీకెందుకులెండి.

మెలకువ రాగానే మెడ తడుముకోవడం అద్దం తలుపులోంచి చూశాను. బోసిగా ఉంది. నేను పోయాననుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నోట్లో గొట్టంతో ఎవర్నీ అడగలేకపోయింది కదా! మళ్లీ మళ్లీ చెయ్యి మెడమీదికి పోతుంటే, గొట్టం పీకేస్తుందని మీ నర్సు రెండు చేతులూ మంచానికి కట్టేసింది.

"నేను బతికే ఉన్నానని ఆవిడకి చెప్పమ్మా" అని నర్సుని హిందీలో బతిమాలాను.

"బాబా, పేషెంట్‌ని డిస్టర్బ్ చేయొద్దు, బాహర్ జాయియే" అని బయటికి పంపేసింది. మీరు పక్కనే ఫోన్ చూసుకుంటున్నారు.

నిన్న గార్డు టీకి వెళ్లగానే లోపలికి దూరి, నా మొహానికున్న మాస్క్ తీశాను. "నరసమ్మా, నానే. ఏటలా చూస్తావు?" అన్నాను.

నన్ను పోల్చుకుని, ఆవిడ కట్టేసిన చేతులు లాగడం మానేసింది. మీ నర్సు మాత్రం కట్లు ఇంకా విప్పలేదు.