బుధవారం టేపు

మార్చి 4
పిన్ని పోయి రెండు వారాలు కావస్తోంది. ఆవిడ క్యాసెట్లు మూడు అట్టపెట్టెల్లో నా గదికి వచ్చాయి. అన్నిట్లోనూ ఒకే గాయని. ప్రతి బుధవారం నాలుగింటికి రేడియోలో వచ్చే ఆవిడ కచేరీని పిన్ని ముప్పై ఏళ్ళుగా రికార్డు చేసింది. పెళ్ళిచూపులకి బుధవారం వస్తామన్నవాళ్ళని గురువారం రమ్మందని, అందుకే ఒంటరిగా మిగిలిందని అమ్మ దెప్పేది.

ఆ గాయని అభిమాన సంఘం సెక్రటరీ గారు ఫోన్ చేశారు. పదిహేడున పిన్నికి సంతాప సభట. పిన్ని చివరి రికార్డింగ్ వినిపిస్తారట. నువ్వు ఆడియో ఎడిటర్‌వి కదమ్మా, కాస్త శుభ్రం చేసిపెట్టు, పాట తప్ప ఇంకేం వినపడకూడదు అన్నారు. సరేనన్నాను.

అందరికీ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. పిన్ని పోయిన ఆ బుధవారం నేను అటు వెళ్ళలేదు.

మార్చి 6
రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, తలుపుకి 'కచేరీ జరుగుతోంది' అని రాసిన అట్ట తగిలించేది పిన్ని. అట్ట ఉంటే ఎవరూ లోపలికి రాకూడదు. పిలిచినా పలకదు. చిన్నప్పుడు ఒకసారి తుమ్మానని వారం రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే టేపుల్లో పాటతో పాటు ఆ గది కూడా ఉంది. ఫ్యాను కిర్రు. టేబుల్ మీద వేలితో పిన్ని వేసే తాళం.

పోయినేడాది టేపుల్లో ఇంకో చప్పుడు. పాట అయ్యేదాకా ఆపుకున్న ఆయాసం.

మార్చి 7
ఆయాసం వారం వారం ముందుకు జరుగుతోంది. మొదట్లో పాటయ్యాక వచ్చేది. ఇప్పుడు చరణం మధ్యలోనే. మాత్రల షీటు చిట్లిన చప్పుడు. అక్టోబర్ టేపులో పిన్ని మెల్లగా, కాస్త ఆగవే, కచేరీ అవనీ అంది. గదిలో ఎవరూ లేరు. తన గుండెతో అంది.

బీరువాలో డాక్టర్ చీటీలు దొరికాయట అమ్మకి. ఏడాదిగా జబ్బు. మొండిఘటం, అడిగినా చెప్పేదా అంది అమ్మ. మళ్ళీ తనే, అసలు మనం అడిగామా అంది.

మార్చి 11
చివరి టేపు ఇంకా పెట్టలేదు. సిస్టమ్ పాడైందని సెక్రటరీ గారికి చెప్పాను.

మార్చి 13, సాయంత్రం 4.00
వెళ్ళాను.

ఆ బుధవారం ఆఫీసు నుంచి తొందరగా బయటపడి పిన్ని తలుపు కొట్టాను. అట్ట వేలాడుతోంది. లోపల టేబుల్ మీద వేలి చప్పుడు. పాటకి తాళం వేసుకుంటోంది, మహాతల్లి హాయిగా ఉంది అనుకున్నాను. గడియ వేసుకునే అలవాటు లేదు పిన్నికి. తోస్తే తెరుచుకునేది. రూల్ అంటే రూలే కదా. ఫోన్ చూసుకుంటూ మెట్లు దిగిపోయాను. మర్నాడు పొద్దున ఇంటి ఓనర్ ఆ తలుపు తోశాడు.

4.50
విన్నాను.

పాట అయిపోయింది. రేడియోలో వార్తలు మొదలయ్యాయి. అప్పుడు తలుపు చప్పుడు. తర్వాత నేను. పిన్నీ, కచేరీనా? సరే సరే, మళ్ళొస్తాలే! ఎంత హుషారో నా గొంతులో.

వేలి చప్పుడు ఆగలేదు. ఇంకా గట్టిగా మోగింది.

వార్తలకి తాళం ఎవరు వేస్తారు?

నా చెప్పుల చప్పుడు మెట్ల కిందికి పోయాక కూడా కొట్టింది. టేపు అయిపోయేదాకా కొట్టింది.

మార్చి 15
నాయిస్ ఫిల్టర్ వేశాను. ఒక్క క్లిక్. వేలు లేదు, ఆయాసం లేదు. పాటయ్యాక కత్తిరించాను. నేనూ లేను. అమ్మ విని, మా చెల్లి పక్కనే కూర్చున్నట్టుందే అని కళ్ళు తుడుచుకుంది.

అందులో నీ చెల్లెలెక్కడుందమ్మా అనుకున్నాను.

శుభ్రం చేసిందీ చేయనిదీ, రెండు ఫైళ్ళూ పెన్‌డ్రైవ్‌లో వేశాను.

మార్చి 17
శుభ్రం చేయనిదే ఇచ్చాను. వార్తలు రాగానే సెక్రటరీ గారు ఆపబోతే వద్దన్నాను. తలుపు చప్పుడైంది, వెంటనే నా గొంతు. హాలంతా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది.

అమ్మ ఒక్కతే నా వైపు.