‘నాకొద్దు’ పుస్తకం నుంచి నా సంతకం తీసివేయుట గురించి

ప్రొద్దుటూరు,
సోమవారం.

పింఛన్ల పెద్ద అధికారి గారి సముఖమునకు, ప్రొద్దుటూరు పట్టణంలో బీగాలు రిపేరు చేసుకొని బతుకుచున్న జియావుల్లా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: సభలో మర్యాద కొరకు నేను అన్న "ఏం వద్దు" అను మాటను పింఛను వద్దన్నట్లుగా నమోదు చేసి, నా భార్య నూరున్నీసాకు కిడ్నీ జబ్బు కింద వచ్చుచున్న పింఛను నిలిపివేసినందున, దానిని తిరిగి ఇప్పించుట గురించి.

1. నేను ముప్పై ఏండ్లుగా రోడ్డు వారన గొడుగు కింద పెట్టె పెట్టుకొని తాళాలకు మారుచెవులు చేయుచున్నాను. నా భార్యకు రెండు కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించవలెను. మిషను దగ్గర చోటు పులివెందులలో దొరికినది. మిషను ఉచితమే, దాని దగ్గరికి పోవుట ఉచితం కాదు. బస్సులో ఆడవారికి టికెట్టు లేదు కదా అని తమరు అనవచ్చును. పోయేటప్పుడు నిజమే. వచ్చేటప్పుడు ఆమె కూర్చోలేదు, పడుకోవలెను. యర్రగుంట్ల మీదుగా సిమెంటు లారీల మధ్య ఆటోలో వెనక సీటు మొత్తం ఆమెకే కావలెను. ఆ ఆటో ఇంతకాలం పింఛనుతో నడిచినది.

2. గత నెలలో గౌరవ శాసనమండలి సభ్యులు, మాజీ కామర్సు లెక్చరరు శ్రీ గురురాజారావు గారు జమ్మలమడుగులో ఒక కల్యాణ మండపంలో సభ పెట్టినారు. ప్రొద్దుటూరులోనే మిషను దగ్గర చోటు ఇప్పించమని వారిని అడుగుటకు నేను జేబులో కాగితం పెట్టుకొని పోయినాను. పోయేసరికి జనమంతా బయట నిలబడి ఉన్నారు. మండపం బీగంచెవి ఎవరో పోగొట్టినారు. నేను రెండు నిమిషాలలో తీసినాను. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. సాయం అడగపోయిన చోట కూలి తీసుకొనుట బాగుండదని మాత్రమే తీసుకోలేదు. అందులో త్యాగమేమియు లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.

3. సభ్యులవారు మూడు విషయములు చెప్పినారు: నీతి, గోప్యత, ప్రభుత్వ అప్పు. ప్రజల సొమ్మును ముట్టుకొనేవాడు వణకాలన్నారు. వారు నిజంగా అట్లాంటి మనిషే, అబద్ధమెందుకు చెప్పాలి. అతుకు వేసిన చెప్పులతో వచ్చినారు. సన్మానానికి ఒకే శాలువా తెచ్చి ముగ్గురికి కప్పి తీసి, కప్పి తీసినారు. ప్రభుత్వ అప్పును బోర్డు మీద రాయగా సున్నాలకు బోర్డు చాలలేదు. ఒక మనిషి ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పుట దొంగతనంతో సమానమన్నారు. ఎవరి బీరువాలో ఏముందో ఇంతవరకు ఒక్కరికీ చెప్పని వాడిని గనుక, ఆ మాటకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినది నేనే.

4. పిమ్మట, బీగం తీసి కూలి వద్దన్నవాడని నన్ను వేదిక మీదికి పిలిచినారు. నాలుగోసారి అదే శాలువా నాకు కప్పినారు. ఒక కార్యకర్త రేషన్ కార్డు నంబరు అడిగితే సన్మానపత్రం కోసమనుకొని చెప్పినాను. ఆయన ఫోనులో ఏదో నొక్కి సభ్యులవారికి చీటీ అందించినాడు. అప్పుడు వారు మైకులో అడిగినారు.

"నీకేం కావల్లప్పా జియావుల్లా? అడుగు."

"మీ సల్లని సూపుంటే సాలు సార్. ఏం వద్దు."

అయ్యా, తమరు ఏ వైపు వారో నాకు తెలియదు. మా వైపు పెద్దలు నలుగురిలో ఏం కావాలని అడిగితే మొదటిసారి వద్దనుట మర్యాద. రెండోసారి అడుగుతారు, అప్పుడు నసుగుతాము. మూడోసారికి చెబుతాము. టీ తాగమన్నా, అన్నం తినమన్నా, పిల్లను ఇస్తామన్నా ఇదే పద్ధతి. సభ్యులవారూ ఈ వైపు వారే, తెలియనిది కాదు. కానీ వారు పొదుపరి. ఒక్కసారే అడిగినారు.

నేను జేబులో కాగితం మీద చెయ్యి పెట్టుకొని రెండోసారి కొరకు ఎదురుచూస్తూ నిలబడి ఉండగానే, వారు జనం వైపు తిరిగి చీటీ చదివినారు. "ఈయన భార్య నూరున్నీసా. రెండు కిడ్నీలూ పోయినాయి. ఇంట్లో పింఛను వస్తాంది. అయినా సర్కారు నుంచి నాకేం వద్దంటాండాడు." చప్పట్లు ఆగలేదు. ‘నాకొద్దు’ అని పేరు రాసిన ఎర్ర అట్ట పుస్తకం, సర్కారు సొమ్ము వదులుకొనేవారు సంతకం పెట్టేదట, నా ముందర పెట్టినారు. భుజాన శాలువా ఉండి, ఎదురుగా అంతమంది చప్పట్లు కొట్టుచుండగా, ఉండండి, చదివి సంతకం పెడతాను అని ఏ నోటితో అనగలను? పెట్టినాను. దిగేటప్పుడు శాలువా తీసుకొన్నారు.

5. నా భార్య మూడేండ్లుగా వీధిలో ఎవరికీ జబ్బు సంగతి చెప్పలేదు. పులివెందులలో అక్క ఉంది, చూడబోతాండానని చెప్పేది. మరునాడు పేపరులో నా ఫోటో కింద ఆమె పేరు, ఆమె జబ్బు వచ్చినవి. ఆడవాళ్ళు పరామర్శకు వచ్చి, లేని అక్కను గురించి కూడా అడిగిపోయినారు. అప్పటి నుంచి ఆమె వాకిట్లోకి రాదు. నాతో ఒక్కటే మాట అన్నది: "బీగాలోడివి, నా సంగతి దాయలేకపోతివి." దీనికి ఏమి జవాబు చెప్పవలెనో ఏ ఆఫీసులో అడగవలెను?

6. ఒకటో తారీఖున పింఛను రాలేదు. మా వార్డు సచివాలయంలో పనిచేయు అనఘ అను అమ్మాయిని అడిగినాను.

"మీరే వదులుకున్న్యారు కద చాచా. సభ నుంచి మీ సంతకం కాగితం వచ్చింది, ఈడ ఎక్కింది సూడండి."

"నేను యాడ వదులుకున్న్యానమ్మా? ఆ కాగితం ఒకసారి సూపీ."

"సూపకూడదు చాచా. సొంత వివరాలుంటాయంట దాంట్లో."

"ఎవరివమ్మా?"

"మీవే."

ఆ పిల్ల తప్పు లేదు. చెబుతూ చెబుతూ తల వంచుకొన్నది.

7. సభ్యులవారి ఇంటికి పోయినాను. కూర్చోబెట్టి తమ టీలో సగం నాకు పోసినారు. సంగతంతా విని, చాలాసేపు కండ్లజోడు తుడుచుకొని, పుస్తకం తెచ్చి తెరిచి చూపినారు. అందులో నా సంతకం తప్ప మరొకటి లేదు.

"ఊరూరు తిరిగినా జియావుల్లా. చప్పట్లు అందరూ కొట్న్యారు, సంతకం నువ్వొక్కడివే పెట్టినావు. నువ్వు గూడా తీసేస్తే నేను జనానికి ఏం మొగం సూపల్ల?"

"మరి మీ సంతకం యాడుంది సార్?"

"నేను ముందుమాట రాసినా."

వారు నన్ను కసరలేదు. కండ్లలో నీళ్ళు పెట్టుకొని, దేశానికి నీలాంటి వాడు ఒక్కడు చాలన్నారు. కసిరి ఉంటే నేనూ నాలుగు మాటలు అని వచ్చేవాడిని. ఏడ్చే పెద్దమనిషిని ఏమనగలను? వీధిలోకి వచ్చి నేనూ ఏడ్చినాను.

8. ప్రస్తుత పరిస్థితి. వారానికి మూడుసార్లు పోవలసినది మొదట రెండుసార్లు అయినది, పోయిన వారం ఒక్కసారే పోయినాము. ఆమె కాళ్ళు వాచినవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకొని కూర్చుంటుంది. అప్పు తెస్తానంటే ఒప్పుకోదు. "సర్కారే అప్పు తీర్చలేక ఏడుస్తాందంట, నువ్వు యాడ తీరుస్తావు?" అంటుంది. నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు. భయంగా ఉంది.

కావున తమరు దయచేసి,

(అ) సదరు పుస్తకంలో నా సంతకం కొట్టివేయించి, పింఛను ఈ వారమే తిరిగి మొదలుపెట్టించవలెను. వచ్చే నెల అని రాయవద్దు.

(ఆ) అట్లు కుదరని పక్షంలో, నూరున్నీసా పింఛను ఆపినందున బోర్డు మీది సున్నాలలో ఒక్కటైనా తగ్గినదో లేదో తెలియజేయవలెను. తగ్గి ఉంటే ఆమెకు చెబుతాను.

నాకు సన్మానం వద్దు, పేపరులో ఫోటో వద్దు. ఈ రెండు మాత్రం నిజంగానే వద్దు. ఆమె ఊపిరి ఒక్కటీ కావలెను. ఇంతకంటే మర్యాదగా రాయుట నాకు చేతకాలేదు, కోపగించుకొనక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జియావుల్లా,
బీగాల రిపేరి.

మళ్ళీ వ్రాసుకొన్నది: ఈ అర్జీ సోమవారం మొదలుపెడితే ముగించేసరికి శనివారం అయినది. కవరు మీద నా ఫోన్ నంబరు పక్కన "మంగళ, గురు, శనివారాల్లో పులివెందులలో ఉంటాము, ఫోన్ ఎత్తలేము" అని రాసి ఉంటిని. దానిని ఇప్పుడు కొట్టివేసినాను. తమరు ఏ రోజైనా చేయవచ్చును. ఇంట్లోనే ఉంటున్నాము.